దువా, దేవుని జవాబు: ఇస్లాములో వ్యక్తిగత ప్రార్థనపై నమ్మకము

ఉపోద్ఘాతము

ముస్లింలకు ఐదు పూటల నమాజు ఉన్నదే గాని, దేవునితో మనసు విప్పి మాట్లాడుకొనే ప్రార్థన లేదనే మాట మన ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. ఇది వాస్తవము కాదు. పొరుగువాని గూర్చి అబద్ధసాక్ష్యము చెప్పరాదన్న ఆజ్ఞ (నిర్గమ. 20:16) అతని భక్తిని గూర్చి మనము మాట్లాడేటప్పుడు కూడా వర్తిస్తుంది. కాబట్టి ఒక ముస్లిం తన సొంత ప్రార్థనకు దేవుడు జవాబిస్తాడని దేనిని బట్టి నమ్ముతున్నాడో, జవాబు రానట్లు కనిపించినప్పుడు దానిని ఎలా అర్థము చేసుకుంటాడో ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

1. నమాజు, దువా

అరబీలో 'సలాత్' అనే దానినే మన దేశములో నమాజు అంటారు. దానికి నియమిత వేళలు, భంగిమలు, అరబీ పఠనము ఉన్నాయి. 'దువా' అనగా పిలుచుట, వేడుకొనుట. దీనిని ఏ సమయములోనైనా, ఏ భాషలోనైనా చేయవచ్చును. హైదరాబాదులోని ముస్లిం స్త్రీ ఉర్దూలో, పల్లెలోని దూదేకుల కుటుంబము తెలుగులో తమ కష్టము చెప్పుకోవచ్చును. దువాయే ఆరాధన అని ఒక ప్రసిద్ధ హదీసు బోధిస్తుంది. కాన్‌స్టెన్స్ పాడ్విక్ అనే క్రైస్తవ మిషనరీ ముస్లింలు వాడే చిన్న ప్రార్థనా పుస్తకాలను సేకరించి, వాటిని పరిశీలించి, 1961లో 'ముస్లిం డివోషన్స్' అనే గ్రంథము ప్రచురించింది. ఆ భక్తి ఎంత లోతైనదో ఆ గ్రంథము క్రైస్తవ లోకానికి చూపించింది.

2. నమ్మకమునకు ఆధారము

ఈ నమ్మకానికి పునాది ఖురాన్ 2:186. ప్రజలు ప్రవక్తను ప్రశ్నించిన అనేక సందర్భాలలో ఖురాన్ "చెప్పుము" అనే మాటతో జవాబు మొదలుపెడుతుంది. ఈ వచనములో ఆ మాట లేదు. తన సేవకులు తనను గూర్చి అడిగినప్పుడు తాను సమీపముగా ఉన్నానని, పిలిచేవానికి జవాబిస్తానని దేవుడే నేరుగా పలుకుతాడు. ప్రార్థించేవానికీ దేవునికీ మధ్య ఎవరూ లేరని చూపుటకే ఇలా ఉన్నదని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఈ వచనము ఉపవాస నియమాల మధ్యలో ఉన్నది. రంజాను మాసములో దువాకు అంత ప్రాధాన్యత ఉండుటకు ఇది ఒక కారణము.

తనను పిలువుమని, తాను జవాబిస్తానని దేవుడు 40:60లో ఆజ్ఞను, వాగ్దానమును కలిపి ఇస్తాడు. తన వైపు చాచిన చేతులను వట్టిగా తిప్పి పంపుటకు దేవుడు సిగ్గుపడతాడని ఒక హదీసు చెబుతుంది. అందుచేతనే ముస్లిం అరచేతులు పైకి తెరిచి అడుగుతాడు.

3. జవాబు రానట్లు కనిపించినప్పుడు

అలాగైతే అడిగినది దొరకని సంగతి ఏమిటి? అహ్మద్ ఇబ్న్ హంబల్ సంకలనములోని ఒక హదీసు దీనికి సమాధానమిస్తుంది. పాపమును గాని బంధుత్వ విచ్ఛేదమును గాని కోరని ప్రార్థనకు మూడింటిలో ఒకటి తప్పక లభిస్తుంది: అడిగినది ఇక్కడే దొరుకుతుంది, లేదా అది పరలోకము కొరకు దాచబడుతుంది, లేదా దానికి సమానమైన కీడు తొలగింపబడుతుంది. అనగా జవాబు నిశ్చయము, దాని రూపము మాత్రము దేవుని చేతిలో ఉన్నది.

బుఖారీ, ముస్లిం సంకలనాలలోని మరొక హదీసు తొందరపాటును గూర్చి హెచ్చరిస్తుంది. ప్రార్థించాను గాని జవాబు రాలేదని విసిగిపోనంత వరకు మనిషి ప్రార్థన ఆలకింపబడుతూనే ఉంటుంది. ప్రార్థించేవాని జీవితము కూడా లెక్కకు వస్తుంది. అన్యాయార్జితముతో తిని, కట్టుకొని, చేతులెత్తే ప్రయాణికుని మొర ఎలా వినబడుతుందని ముస్లిం సంకలనములోని ఒక హదీసు ప్రశ్నిస్తుంది.

ఖురానులో ఇందుకు రెండు దృష్టాంతాలు చూడవచ్చును. వృద్ధుడైన జకరియా రహస్యముగా మొరపెట్టి కుమారుని పొందాడు (19:2-9). నూహు (నోవహు) తన కుమారుని కొరకు వేడుకొనగా దేవుడు నిరాకరించి, తెలియనిదానిని అడుగవద్దని మందలించాడు (11:45-47). నూహు వాదించలేదు, క్షమాపణ వేడుకొన్నాడు. ప్రవక్త కోరినది సైతము దొరకకపోవచ్చునని ముస్లింకు తెలుసు.

4. అంతా ముందే నిర్ణయమైతే అడగడమెందుకు?

ఈ ప్రశ్నను ఇమామ్ గజాలీ (మరణము 1111) 'ఇహ్యా' గ్రంథములో చర్చించాడు. డాలు బాణమును ఆపుతుంది. నీరు మొక్కను మొలిపిస్తుంది. దైవనిర్ణయమును నమ్మినంత మాత్రాన ఎవరూ విత్తనము చల్లి నీరు పెట్టకుండా కూర్చోరు. అలాగే దువా కూడా దేవుడు నిర్ణయించిన కారణాలలో ఒకటి. కీడు నిర్ణయమైనప్పుడు దానిని తప్పించే ప్రార్థన కూడా అదే నిర్ణయములో భాగమై ఉండవచ్చునని ఆయన భావము.

5. మనకు వర్తింపు

ఇక్కడ మనకు పరిచితమైన సంగతులు ఉన్నాయి. ముల్లు తొలగించుమని పౌలు ముమ్మారు వేడుకొన్నాడు, ముల్లు తొలగలేదు గాని జవాబు వచ్చింది (2 కొరింథీ. 12:8-9). భేదాలు కూడా స్పష్టమే. ముస్లిం దాసునిగా ప్రభువును వేడుకుంటాడు; దేవుని తండ్రి అని పిలువడు. మనము యేసు నామమున, తండ్రిని, ఆత్మ సహాయముతో ప్రార్థిస్తాము (రోమా. 8:15, 26). ఈ భేదమును దాచనక్కరలేదు. అయితే పొరుగువాని ప్రార్థనను తక్కువ చేసి దానిని చూపనక్కరలేదు.

మరొక సంగతి మన సంఘాలకే సంబంధించినది. బిడ్డ స్వస్థత పొందని తల్లితో నీ విశ్వాసము చాలలేదని చెప్పిన సేవకులు మనలో ఉన్నారు. అడిగినది దొరకనంత మాత్రాన దేవుడు వినలేదని కాదని ఆ తల్లి ముస్లిం పొరుగింటివారికి చిన్ననాటి నుండి బోధింపబడింది. గెత్సేమనే తోటను ప్రకటించే మనము అంతకంటె తక్కువ ఓదార్పును ఆమెకు ఇవ్వవచ్చునా?

ముగింపు

ముస్లిం నమ్మకము ఫలితము మీద కాదు, వినే దేవుని మీద ఆనుకొని ఉన్నది. మన వీధిలోని ముస్లిం సోదరుడు "నా కోసము దువా చేయండి" అని అడిగినప్పుడు అది వట్టి మర్యాద మాట కాదని, దాని వెనుక ఇంత బోధ ఉన్నదని సంఘకాపరి గుర్తించాలి. ఆ గుర్తింపుతో ప్రారంభమైన సంభాషణ సత్యమైనదిగా ఉంటుంది.