మంజూరు అనగా చూచుటయా, ఇచ్చుటయా?

బడి పిల్లవాడు తన జీవితమున మొట్టమొదట వ్రాయు అర్జీ సెలవు చీటీ. జ్వరమో, మేనమామ పెండ్లియో కారణముగా చూపి, “రెండు దినములు సెలవు మంజూరు చేయ ప్రార్థన” అని వ్రాసి ప్రధానోపాధ్యాయుని బల్లపై ఉంచును. ఆయన అంచున పొడి సంతకము పెట్టును. పిల్లవాడు ఇంటికి పరుగెత్తును. ఆ చిన్న వాక్యమున రెండు గొప్ప మాటలు ప్రక్కప్రక్కన కూర్చున్నవని వ్రాసినవానికి గాని, సంతకము పెట్టినవారికి గాని తోచదు.

సెలవు అనగా మొదట బడి లేని దినము కాదు, అనుమతి. “పెద్దలు సెలవిచ్చిరి” అన్నచో వారు పలికిరని అర్థము. వారి పలుకే ఆజ్ఞ, ఆ ఆజ్ఞయే అనుమతి. “ఇక సెలవు” అని లేచువాడు వెళ్ళుటకు అనుమతి వేడుచున్నాడే గాని విశ్రాంతి దినమును ప్రకటించుట లేదు. తమిళులకు ఈ మాటయే నేటికిని ఖర్చు. అనుమతి అనెడి అర్థమునుండి పని లేని దినమునకు జారిన మాట ఇదొక్కటే కాదు. పాత కచేరీ కాగితములలోని ‘రజా’ అరబీ భాషలో సమ్మతి. ఇంగ్లీషువారి ‘లీవ్’ కూడ ఒకప్పుడు అనుమతియే. మూడు భాషలలోను కొలువు చేయువాడు అనుమతి అడిగినది ఎక్కువగా ఇంటికి పోవుటకే కాబోలు!

మంజూరు కథ వేరు. అరబీలో ‘నజర్’ అనగా చూపు. ‘మంజూర్’ అనగా చూడబడినది. అర్జీ పై అధికారి కంటబడినది, ఆయన దానిని చూచి కాదనలేదు, కనుక మంజూరు. ‘నజరానా’ దీనికి చుట్టమువలె వినబడును గాని దాని ధాతువు వేరు. మ్రొక్కుబడి యను అర్థముగల మాటనుండి అది పుట్టినది. నజరానా లేనిదే మంజూరు కాదని జనులు తలచుచున్నచో ఆ దోషము భాషాశాస్త్రమునది కాదు.

ఇట్టి మాటలు కడప సీమకు కొల్లలుగా వచ్చినవి. గోలకొండ పాలనయు, మొగలాయీలును, కడప నవాబులును వరుసగా వచ్చి, 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి అప్పగించునాటికి, కచేరీ భాష సగము పారసీకము. ‘సనదు’ అనగా ఆనుకొనదగిన ఊత. అది చేతనున్నవాడు దానిపై ఆనుకొని నిలువవచ్చును. ‘ఖరారు’ నిలుకడ, ‘రద్దు’ వెనుకకు త్రిప్పుట, ‘దాఖలు’ లోనికి ప్రవేశించుట. ‘దస్కతు’ అనునది చిత్రమైన మాట: దస్త్ అనగా చేయి, ఖత్ అనగా వ్రాత. తెలుగువారి ‘చేవ్రాలు’ను అక్షరాల అట్లే కూర్చిరి. ఇరుగుపొరుగు కాని రెండు భాషలు ఒకే వస్తువును ఒకే తీరున చూచినవి.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, ఈ మాటలు రానిదే ఒక్క అర్జీయైనను అర్థము కాదని గ్రహించెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువును అందరును ఎరుగుదురు. వ్యవహారమున కలిసిపోయిన అన్యదేశ్యములకు ఆయన ప్రత్యేకముగా మరియొక నిఘంటువును 1854లో ప్రకటించెను. పండితులు మైలగా ఎంచి దూరముంచిన మాటలను ఆయన ఏరి కూర్చెను. రైతు భూమి ఆ మాటలలోనే ఉన్నది గదా! కడపలో ఆయన నివసించిన బంగళా స్థలమున నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము కలదు.

సంస్కృతము ఇచ్చిన మాటలు వినుటకు మరింత మెత్తనివి. అనుమతి అనగా ఒకరి తలపు వెంట మరియొకరి తలపు నడచుట. సమ్మతి అనగా రెండు తలపులు కూడుట. ఒక కళ తక్కువైన పున్నమకును అనుమతి యని పేరు గలదని అమరకోశము చదివిన విద్యార్థి ఎరుగును. కచేరీ అనుమతిలో తగ్గు కళలు ఒక్కటితో ఆగవు. అంగీకారము అనగా తన అంగముగా చేసికొనుట. ఆమోదము సంస్కృతమున దూరమునకు వ్యాపించు పరిమళము, సంతోషము. ఒప్పుకొనుట అను అర్థమునకు అక్కడ అనుమోదమని వాడుదురు. తెలుగువారు ఉపసర్గను మార్చి, పరిమళమును కచేరీ బల్లపైకి తెచ్చి, దానికి ముద్ర కూడ వేసిరి. ‘సూత్రప్రాయముగా ఆమోదము’ అను పత్రికల మాట ఇంకను తమాషా: సూత్రమనగా దారమే గదా!

అచ్చతెలుగున ఉన్నది ఒప్పు. ఒప్పుకొనుట, తగియుండుట, అందముగా ఉండుట మూడును అందులోనివే. తగనిదానికి ఒప్పుకొనరాదను భావము మాటలోనే కలదు. అయినను ఏ ప్రభుత్వ పత్రమునను ‘ఒప్పితిమి’ అని కనబడదు. రాష్ట్రమున అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులుగా అధికార భాషా సంఘము ఏర్పడినది. తెలుగు కచేరీలోనికి ప్రవేశించినది గాని, పాత మెట్ల వరుస అట్లే నిలిచినది: పరిశీలన, సిఫారసు, ఆమోదము, మంజూరు, విడుదల. ఎక్కువలు తక్కువలు ఎరుగనివాడు మొదటి మెట్టుపై నిలిచి చివరి మెట్టు ఎక్కితినని సంతోషించును.

ప్రొద్దుటూరునకు సమీపమున, కుందూ నది పారు రాజుపాలెం మండలమున రైతులకు ఈ భేదము పుస్తకము లేకయే తెలియును. అప్పు ‘శాంక్షనైంది’ అని ఒకడు చెప్పినచో రెండవవాడు అభినందింపడు, “చేతికొచ్చెనా?” అని అడుగును. ఆ ‘శాంక్షన్’ లాటిను మూలముగల మాట. రోమకుల చట్టములో ఆ పేరు గల భాగము, చట్టమును మీరినవానికి కలుగు శిక్షను తెలుపునది. ఆమోదమునకును, శిక్షకును ఒకే మాట యేల వాడుదురని విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. దాని పుట్టుక అట్టిది: శిక్షాభయముచే పవిత్రమైన మాటయే శాంక్షన్.

దీనికి సాటియైన తెలుగు పత్రము వెదకుటకు ఎక్కడికిని పోనక్కరలేదు. రాజుపాలెం సీమకు చుట్టుప్రక్కలనున్నదే ప్రాచీన రేనాడు. కలమళ్ళలోను, ఎర్రగుడిపాడులోను రేనాటి చోళులు ఆరవ శతాబ్ది చివరి భాగమున వేయించిన శాసనములు తెలుగున మిక్కిలి ప్రాచీనములైనవి. కలమళ్ళ శాసనము చాలవరకు శిథిలము. ఎర్రగుడిపాడు శాసనమున మాత్రము దానము స్పష్టముగా ఉన్నది. ఎరికల్ముత్తురాజు దాత. దానము పేరు ‘పన్నస’. భూమి కొలత కలదు. సాక్షులుగా పాలకుల పేర్లు కలవు. దీనికి వక్రముగా వచ్చినవానికి మహాపాతకములు అంటునను శాపము చివర కలదు. రోమకుల శాంక్షన్ ఇట్టిదే. ఇక అందలి క్రియ ‘ఇచ్చిన’. చూచిన కాదు, పరిశీలించిన కాదు. ఎవరిచ్చిరి, ఎంత ఇచ్చిరి, ఎవరి యెదుట ఇచ్చిరి, మీరినచో నేమగును — ఇన్ని ప్రశ్నలకు కొన్ని పంక్తులలో జవాబులు ఉన్నవి. నేటి ఉత్తరువులు పుటలకొలది నడచును. క్రియ యెక్కడ ఉన్నదో వెదకవలసివచ్చును.

అట్లు వెదకక పోయినందున ఏమగునో అదే రేనాటి నేలపై చూడవచ్చును. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టము పదమూడవ షెడ్యూలున వై.ఎస్.ఆర్. జిల్లా ఉక్కు కర్మాగారము ప్రస్తావన కలదు. చట్టము మంజూరు చేసిన కర్మాగారమని సభలలోను, ఊరి అరుగులపైనను అనేకులు అనిరి. చట్టమున ఉన్న మాట అది కాదు. నియమిత దినమునుండి ఆరు నెలలలోపల భారత ఉక్కు ప్రాధికార సంస్థ కర్మాగార స్థాపనకు గల సాధ్యాసాధ్యములను పరిశీలించును — అంతవరకే చట్టము చెప్పినది. నియమిత దినము 2014 జూన్ 2. పరిశీలించుట జరిగినది, లాభసాటి కాదని తేలినది. చట్టమును తప్పినారని ఒకరు, తప్పలేదని ఒకరు వాదించిరి. రెండు పక్షములవారి వాదమును ఒక్క క్రియాపదముపైననే నిలిచినది. ‘పరిశీలించును’ అన్నచోట ‘స్థాపించును’ అని ఉన్నయెడల ఆ వాదము పుట్టెడిది కాదు.

విచిత్రమేమనగా, మంజూరు అను మాటను దాని పుట్టింటి అర్థమున తీసికొన్నచో జనులు అన్నది పొరపాటు కాదు: కర్మాగారము నిజముగనే చూడబడినది. కాని జమ్మలమడుగు యువకులు కోరినది చూపు కాదు, కొలువు.

ఆ ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకు చట్టము రాకపూర్వమే 2007లో ఒకసారి శంకుస్థాపన జరిగినది. తరువాత 2018 డిసెంబరులో కంబాలదిన్నె వద్ద మరియొకసారి, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె వద్ద ఇంకొకసారి, 2023 ఫిబ్రవరిలో ఆ సున్నపురాళ్ళపల్లెలోనే మరల జరిగినది. ప్రతిసారియు ఒక శిలాఫలకము, దానిపై పేర్లు, తేదీ. వాటిని చూడబోవు విద్యార్థి ఎర్రగుడిపాడు శాసన పాఠమును గూడ వెంట తీసికొని పోయి, రెంటిలోని క్రియలను ప్రక్కప్రక్కన వ్రాసికొనవచ్చును.