వెయ్యి మ్యాచ్‌ల బాటసారి!

ఫుట్‌బాల్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది మెస్సీ, రొనాల్డో, బెక్‌హామ్‌లే. అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే కుర్రాళ్లని అడిగినా ఓ పాతికమంది స్టార్ల పేర్లు గడగడా చెప్పేస్తారు. స్టీవ్ క్లారిడ్జ్ ఎవరని అడిగి చూడండి... తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పేం లేదు. క్లారిడ్జ్ ఇంగ్లండ్ జాతీయ జట్టుకి ఒక్కసారి కూడా ఆడలేదు. ఏ ఒక్క క్లబ్బులోనూ జీవితాంతం స్థిరపడలేదు. కానీ ఊరూరా తిరుగుతూ, జట్టు తర్వాత జట్టు మారుతూ మొత్తంమీద వెయ్యి మ్యాచ్‌లు ఆడేశాడు. కోట్లు గడించే స్టార్ల వెనకాల, రెక్కల కష్టం మీద బతికే వందలాది మామూలు ఆటగాళ్లకి అతనో నిలువెత్తు ప్రతినిధి.

మెట్ల మీద ఆట

అతని కథ అర్థం కావాలంటే ముందు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. మన ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మర్నాటి ఏడు దర్జాగా మళ్లీ బరిలో ఉంటుంది. అక్కడ అలా కాదు. పైన 20 జట్ల ప్రీమియర్ లీగ్, దాని కింద 24 జట్ల చొప్పున మూడు డివిజన్లు... మొత్తం 92 క్లబ్బులు. ఆ కిందా ఇంకా మెట్లున్నాయి. బాగా ఆడితే పై మెట్టు, ఆడలేకపోతే కింది మెట్టు.

జట్టు కిందికి జారితే రాబడి తగ్గుతుంది. రాబడి తగ్గితే ముందు వేటుపడేది ఆటగాళ్ల మీదే. ఏడాదికో, రెండేళ్లకో ఒప్పందం. అది ముగిస్తే ‘ఇక నీ దారి నువ్వు చూసుకో’ అంటారు. కొన్నాళ్లపాటు వేరే క్లబ్బుకి అరువివ్వడమూ మామూలే. అందుకే కింది డివిజన్ల ఆటగాడికి సూట్‌కేసు ఎప్పుడూ సర్దే ఉండాలి!

బకెట్టెడు చన్నీళ్లు

క్లారిడ్జ్ 1966లో పోర్ట్స్‌మత్‌లో పుట్టాడు. ఫేర్‌హామ్ టౌన్ అనే చిన్న జట్టులో ఆడుతుంటే 1984లో బోర్న్‌మత్ క్లబ్బు తీసుకుంది. అక్కడ వేళ్లమీద లెక్కపెట్టదగ్గ మ్యాచ్‌లే దక్కాయి. దాంతో లీగ్ మెట్లు దిగి వేమత్ జట్టుకి వెళ్లిపోయాడు. 1988లో క్రిస్టల్ ప్యాలెస్ పిలిచింది. అబ్బ, దశ తిరిగిందిరా అనుకునేలోపే ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా ఆల్డర్‌షాట్‌కి పంపేసింది. (ఈ ప్యాలెస్ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ పనిపడుతుంది.)

ఆల్డర్‌షాట్ అప్పటికే అప్పుల్లో ఉంది. క్లారిడ్జ్‌ని 1990లో కేంబ్రిడ్జ్ యునైటెడ్‌కి అమ్మేశారు. అతనికది మంచే జరిగింది. 1992 మార్చిలో సీజన్ సగంలో ఉండగానే ఆల్డర్‌షాట్ క్లబ్బు మూతపడింది!

కేంబ్రిడ్జ్ మేనేజర్ జాన్ బెక్ విచిత్రమైన మనిషి. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ల మీద బకెట్లతో చన్నీళ్లు కుమ్మరించేవాడు. బంతిని దూరంగా కొట్టి పరుగెత్తడమే అతనికి తెలిసిన వ్యూహం. అలా కొట్టిన బంతి బయటికి పోకుండా ఆగడానికి మైదానం మూలల్లో గడ్డిని ఏపుగా పెరగనిచ్చేవాడు. జనం నవ్వినా ఆ జట్టు 1990లో నాలుగో డివిజన్ నుంచి, 1991లో మూడో డివిజన్ నుంచి వరసగా పైకెక్కింది. బెక్‌కీ క్లారిడ్జ్‌కీ మాత్రం పడేది కాదు. 1992లో ల్యూటన్‌కి వెళ్లిన క్లారిడ్జ్, బెక్ ఉద్యోగం ఊడగానే కొద్ది నెలల్లోనే కేంబ్రిడ్జ్‌కి తిరిగొచ్చేశాడు.

1994లో బర్మింగ్‌హామ్ సిటీ కొంది. 1994-95 సీజన్లో అతను కొట్టిన గోల్స్ 25.  ఆ ఏడు జట్టు పై డివిజన్‌కి వెళ్లింది.

జారిన మేజోడు... జారని గురి

క్లారిడ్జ్‌ని చూస్తే ఆటగాడిలా అనిపించడు. చొక్కా వెలుపలికి వేలాడుతూ, మేజోళ్లు చీలమండల దాకా జారిపోయి, సంతలో తప్పిపోయినవాడిలా ఉంటాడు. కానీ బంతి కోసం ఆఖరి నిమిషం దాకా పరుగెత్తుతాడు. సగటు అభిమానికి అదే నచ్చింది... మన పక్కింటి కుర్రాడే మైదానంలోకి దిగినట్టు!

1996 మార్చిలో 12 లక్షల పౌండ్లిచ్చి లెస్టర్ సిటీ తీసుకుంది. అప్పటికతనికి 30 ఏళ్లు నిండబోతున్నాయి. వచ్చీరాగానే కష్టం. చిన్నప్పటి నుంచీ గుండె సమస్యకి మందులు వాడుతున్నాడు. వాటివల్లే కాళ్లు మొద్దుబారుతున్నాయని తేలి, మందు మార్చాక గానీ ఊపిరి తీసుకోలేకపోయాడు.

ఆ మే 27న వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్. గెలిచినవాళ్లకి ప్రీమియర్ లీగ్ ప్రవేశం, ఓడినవాళ్లకి మళ్లీ అదే డివిజన్. ఎదుట ఎవరనుకున్నారు? ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వకుండా పంపేసిన క్రిస్టల్ ప్యాలెస్! 1-1తో అదనపు సమయమూ అయిపోవచ్చింది. పెనాల్టీలు తప్పవనుకుని లెస్టర్ మేనేజర్ మార్టిన్ ఓనీల్ గోల్‌కీపర్‌ని కూడా మార్చేశాడు. అంతలో, సరిగ్గా 120వ నిమిషంలో క్లారిడ్జ్ దూరం నుంచి బంతిని తన్నాడు. అది పాదానికి కాదు, ఏ రక్షణా లేని మోకాలి కింది ఎముకకి తగిలి, వెళ్లి వలలో పడింది. అంతే! లెస్టర్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టింది.

అక్కడితో అయిపోలేదు. 1997 లీగ్ కప్ ఫైనల్లో ఎదురైంది మిడిల్స్‌బ్రో. రవనెల్లి, జునినో లాంటి విదేశీ హేమాహేమీలున్న జట్టది. మొదటి మ్యాచ్ 1-1తో ముగిస్తే, ఏప్రిల్ 16న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో మళ్లీ ఆడించారు. అదనపు సమయంలో క్లారిడ్జ్ కొట్టిన ఒక్క గోలే తేడా. 1964 తర్వాత లెస్టర్‌కి దక్కిన లీగ్ కప్ అదే. దాంతో యూరప్ పోటీల్లో ఆడే అర్హత కూడా వచ్చింది.

జేబుకి చిల్లు

ఇంత సంపాదించినవాడి దగ్గర డబ్బు నిలవాలి కదా? నిలవలేదు. కారణం జూదం. గుర్రప్పందాల పిచ్చి తన సంపాదనని ఎలా మింగేసిందో 1997లో వచ్చిన ఆత్మకథలో తానే దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆటగాడి రోజు ఎలా గడుస్తుందో ఆలోచిస్తే ఇది వింతేం కాదు. పొద్దున్న రెండు మూడు గంటలు సాధన, ఆపైన పొద్దంతా ఖాళీ. చేతిలో డబ్బు, ఊళ్లో పందేల దుకాణం. కొత్త ఊరు, తెలిసినవాళ్లు తక్కువ. చాలామంది అక్కడే జారిపోయారు. క్లారిడ్జ్ మాత్రం మైదానంలో పరుగు ఆపలేదు.

లెస్టర్ తర్వాత వూల్వ్స్‌లో కొద్ది మ్యాచ్‌లే, ఒక్క గోల్ లేదు. సొంతూరు పోర్ట్స్‌మత్‌కి వచ్చి గోల్స్ కొట్టాడు. 2000 అక్టోబర్లో ఆడుతూనే మేనేజరయ్యాడు, నాలుగు నెలలకే పదవి పోయింది. మిల్‌వాల్‌లో అభిమానుల కళ్లలో వెలుగయ్యాడు. 2005 వేసవిలో అదే మిల్‌వాల్ అతన్ని మేనేజర్‌ని చేసింది. క్లబ్బు పెద్దలు మారారు. 36 రోజులకే, సీజన్ మొదలుకాకముందే, ఒక్క అసలు మ్యాచ్ కూడా ఆడించకుండానే తీసేశారు! ఇంకొకరైతే ఆటకే దండం పెట్టేవారు. అతను మళ్లీ బూట్లు కట్టాడు. బ్రైటన్, బ్రెంట్‌ఫర్డ్, వికమ్ అప్పటికే అయిపోయాయి. ఇప్పుడు గిలింగ్‌హామ్, బ్రాడ్‌ఫర్డ్, వాల్సాల్.

999 దగ్గర ఆగిన బండి

వాల్సాల్ వదిలేసరికి వయసు 40. లెక్క 999 దగ్గర ఆగింది. ఒక్కటి... ఒక్క మ్యాచ్ కావాలి. 40 ఏళ్లవాణ్ని ఎవరు పిలుస్తారు?

పిలిచింది బోర్న్‌మత్. 18 ఏళ్ల కుర్రాడిగా తొలి అవకాశమిచ్చిన క్లబ్బే! 2006 డిసెంబర్ 9న పోర్ట్ వేల్ మీద క్లారిడ్జ్ తన వెయ్యో మ్యాచ్ ఆడాడు. సినిమా అయితే ఆఖరి నిమిషంలో గోల్ కొట్టేవాడు. నిజజీవితంలో బోర్న్‌మత్ 0-4తో చిత్తుగా ఓడింది. అయితేనేం... వెయ్యి పూర్తయింది.

అయినా మైదానం వదల్లేదు. 45వ ఏట గోస్‌పోర్ట్ బరో తరఫున ఆడాడు. పాత సాల్స్‌బరీ క్లబ్బు కుప్పకూలితే, దాని స్థానంలో పుట్టిన కొత్త జట్టుకి 2015లో మేనేజరై మొదటి సీజన్లోనే లీగ్ గెలిపించాడు. 50 దాటాక కూడా అవసరమైతే తనే బరిలోకి దిగాడు.

ఇదంతా చదివాక మీకో సందేహం రావచ్చు. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇన్నిసార్లు ఉద్యోగం పోగొట్టుకుని, సంపాదించింది పోగొట్టుకుని... చివరికి మిగిలిందేంటి? లెస్టర్ వెళ్లి ఆనాటి అభిమానుల్ని అడగండి. 1996 మే 27 సాయంత్రం తాము ఎక్కడున్నదీ, పక్కన ఎవరున్నదీ చెబుతారు. ఒక ఊరి జ్ఞాపకంలో అలా నిలిచిపోవడానికి స్టారే కానక్కర్లేదు. పిలుపొచ్చినప్పుడల్లా బూట్లు కట్టుకుని దిగేవాడైతే చాలు. మేజోళ్లు జారినా సరే!