కోనసీమలో మునిగిన ఓడలు

మునిగిన ఓడ అనగానే మన కళ్ళకు కనబడేది ఒక ఇనప్పెట్టె, దాని నిండా వరహాలు. కథల్లో అది సహజమే. కాని నిజం తెలుసుకోవాలన్న కుతూహలం వున్నవారు మొట్టమొదట విడిచిపెట్టవలసింది ఆ పెట్టెనే. ఆ తరువాత విడిచిపెట్టవలసింది, మునిగిన ఓడ నీళ్ళలోనే వుంటుందన్న నమ్మకాన్ని.

మన డెల్టా సంగతి వేరు. గోదావరి ఏటా వండ్రు తెచ్చి ఒకచోట సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. మరొకచోట సముద్రమే ఒడ్డును కోసుకుపోతుంది. నిన్నటి మొగ నేటికి తిప్ప అవుతుంది, రేపటికి కొబ్బరితోట అవుతుంది. అంచేత ఒకనాడు నీటిలో మునిగిన ఓడ ఇవాళ ఎవరి చేలోనో మట్టి కింద వుండవచ్చు.

ఇది వట్టి ఊహ కాదు. 1789 డిసెంబరులో, గౌతమికి ఆవలి ఒడ్డున వున్న కోరంగి రేవు మీద మూడు పెనుకెరటాలు ఒకదాని వెనుక ఒకటి విరుచుకుపడ్డాయి. మొగలో లంగరు వేసి వున్న ఓడలు యానాం చుట్టుపక్కల మైదానాల్లోకి కొట్టుకుపోయాయనీ, 20,000 మంది నశించారనీ హెన్రీ పిడింగ్టన్ ఉదహరించిన వృత్తాంతం చెబుతున్నది. తుపానుకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన పెద్దమనిషి ఈయనే. మన వంటి కొబ్బరి సీమ కేరళలో, చేర్తల దగ్గరి కడక్కరపల్లిలో 2002లో మట్టి కింద నుంచి ఒక పాత నావ బయటపడింది. పురావస్తు శాఖవారు దానిని తవ్వి చూశారు.

మరి మనం మొదలుపెట్టడం ఎలా? ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టవచ్చు. వైనతేయ సముద్రంలో కలిసే చోట వున్న ఊరి పేరే ఓడలరేవు. ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? ఆ ప్రాంతంలోనే వున్న బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీవారికి కొఠీ వుండేది; 1757లో ఫ్రెంచి బుస్సీ దానిని పట్టుకున్నాడు. వశిష్ఠ దాటితే నరసాపురం. 17వ శతాబ్దంలో అక్కడ పెద్ద ఓడలు కట్టేవారు. ఓడలు వచ్చిన చోటనే ఓడలు మునుగుతాయి గదా!

తరువాత వేటకు వెళ్ళే పెద్దలను అడగండి. సముద్రం అడుగున వల ఎక్కడ చిక్కుకుంటుందో వారికి తెలుసు. అక్కడ రాయి వుండవచ్చు, మాను వుండవచ్చు, ఓడా వుండవచ్చు. వారు చెప్పినది చెప్పినట్టు, తేదీ వేసి రాసుకోండి. మీరు మాత్రం నీటిలోకి దిగకండి. మొగల దగ్గర సుడులకు ఈతగాడూ ఒకటే, ఈత రానివాడూ ఒకటే.

మూడవది గ్రంథాలయం. 1878లో మోరిస్, 1907లో హెమింగ్వే గోదావరి జిల్లా గురించి రాసిన గ్రంథాలను రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల అడగండి. కంపెనీనాటి దస్త్రాలు చెన్నపట్నం ఎగ్మూరులోని ప్రభుత్వ భాండాగారంలో వున్నాయి. చదివేటప్పుడు అంకెలతో జాగ్రత్త. 1839 నవంబరు తుపానులో కోరంగి దగ్గర 20,000 ఓడలు నాశనమయ్యాయని తరచు రాస్తుంటారు. 1789లో చనిపోయినవారి లెక్కా 20,000 కావడం చూశారా? ఇటువంటి అంకెను ఆనాటి రాతలో చూచిన తరువాతే నమ్మాలి.

ఇక నిధి సంగతి. తమిళనాట పూంపుహార్ దగ్గర సముద్రంలో 1991లో మన శాస్త్రజ్ఞులు ఒక ఓడను కనుగొన్నారు. అందులో దొరికినవి సీసపు దిమ్మలు! అయితేనేం, వాటిపై 1791, 1792 అన్న సంవత్సరాలు అచ్చుపడి వున్నాయి. ఓడ కాలం చెప్పిన ఆ సీసం, చరిత్రకారునికి బంగారం కంటె ఎక్కువ. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున బంగారపు నలుసులు దొరికాయంటే జనం ఎగబడ్డారు. సముద్రం మింగిన ఇళ్ళవీ, గుళ్ళవీ అవి అని అక్కడివారి మాట. ఒకరికి దొరికిన నలుసు మరొక ఇంటివారు పోగొట్టుకున్నదన్నమాట.

చెరువు తవ్వుతుండగా పాత కొయ్య తగిలిందనుకోండి, కదపకండి. తడిమట్టిలో శతాబ్దాలు నిలిచిన కొయ్య, గాలికి ఎండితే వంకరపోయి పగులుతుంది. మళ్ళీ తడిమట్టి కప్పి, ఫొటో తీసి, తహసీల్దారుకు కబురు చెప్పండి. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం. దాచుకుంటే నేరం.

అన్నింటికంటె తొందరగా చేయవలసిన పని ఒకటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు. వారి పడవలూ మన మునిగిన పడవలే. ఏ పడవ, ఎవరిది, ఏ రేవు నుంచి వెళ్ళింది, అందులో ఎవరెవరున్నారు అన్నది చెప్పగలిగినవారు ఇంకా మన మధ్య వున్నారు. ఒక నోటుపుస్తకం తీసుకుని ముందు వారి ఇళ్ళకు వెళ్ళండి. కోరంగి ఓడలు ఇంకో పదేళ్ళయినా మట్టిలో వుంటాయి.