కొత్త పికప్‌లో కట్టెల రవాణా: తొట్టి నిండటం కాదు, తూకమే ముఖ్యం

సూరత్: వాయిదాలపై కొన్న కొత్త పికప్ తొట్టిలో కట్టెలు పేర్చేటప్పుడు యజమాని సాధారణంగా చూసేది ఎత్తునే. పక్క గోడల అంచుకు చేరాయా, ఇంకా నాలుగు వరుసలు పడతాయా అన్నదే ఆయన లెక్క. రోడ్డు మీద ఆపిన అధికారి మాత్రం ఎత్తుతో పాటు తూకాన్నీ చూస్తారు. ఈ రెండు లెక్కల మధ్య తేడాకు ప్రధాన కారణం కంటికి కనిపించని ఒక సరుకు. అది కట్టెలో దాగిన నీరు. బండి మన్నిక, జరిమానా, కొనుగోలుదారుకు దక్కే వేడి, పొయ్యి నుంచి వెలువడే పొగ, ఇవన్నీ చాలావరకు ఆ నీటిమీదనే ఆధారపడి ఉంటాయి.

గ్యాస్ నగరంలో కట్టెలు ఎవరికి?

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ వజ్రాల సానకు, కృత్రిమ పట్టు వస్త్రాలకు ప్రసిద్ధి. తెలుగు ప్రాంతాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటం దీనికి నిదర్శనం. ఇళ్లలోకి గొట్టపు గ్యాస్ వచ్చినప్పటికీ ఈ నగరంలో కట్టెల అవసరం పూర్తిగా తీరిపోలేదు. శీతకాలంలో లేత జొన్న కంకులను కాల్చి 'పోంక్' తయారుచేసే బట్టీలు, పిండివంటల పెద్ద పొయ్యిలు, విందు వంటశాలలు, శ్మశానవాటికలు కట్టెలపై ఇంకా ఎంతో కొంత ఆధారపడుతూనే ఉన్నాయి.

ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తరువాత ట్రాక్టర్ తొట్టి చేసిన ఈ పనిలోకి ఇప్పుడు చిన్న వాణిజ్య వాహనాలు వచ్చాయి. 2005లో టాటా ఏస్ మార్కెట్లోకి రావడంతో ఇరుకు వీధుల సరుకు రవాణా స్వరూపమే మారింది. హిందీ, గుజరాతీ మాట్లాడేవారు దానిని 'ఛోటా హాథీ' అని పిలుచుకుంటారు. అయితే ఏనుగు పేరు పెట్టినంత మాత్రాన ఏనుగు మోసినంత మోయదు. టాటా ఏస్ తరగతి వాహనాలు ముప్పావు టన్ను మేరకు, పెద్ద పికప్‌లు సుమారు టన్నుంబావు నుంచి టన్నున్నర పైచిలుకు వరకు మోయడానికి రూపొందినవి.

అసలు పరిమితి ఎక్కడుంది?

వాహనం ఎంత మోయవచ్చో రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఉంటుంది. అందులో రెండు అంకెలను చూడాలి. మొదటిది సరుకుతో సహా వాహనం గరిష్ఠ స్థూల బరువు. రెండవది ఖాళీ వాహనం బరువు. మొదటి దానిలోంచి రెండవ దానిని తీసివేస్తే వచ్చేదే మోయదగిన బరువు. ఖాళీ బరువులో డ్రైవరు, సహాయకుడి బరువు కలిసి ఉండదు కనుక వారి బరువునూ ఇందులోంచి మినహాయించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్థూల బరువు 2,990 కిలోలు, ఖాళీ బరువు 1,590 కిలోలు ఉన్న పికప్‌కు మిగిలేది 1,400 కిలోలు. డ్రైవరు, సహాయకుడు కలిసి 130 కిలోలు ఉంటే కట్టెలకు దక్కేది 1,270 కిలోలు మాత్రమే.

ఇప్పుడు తొట్టి వైపు చూద్దాం. 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు గల తొట్టిలో అడుగున్నర ఎత్తు వరకు కట్టెలు పేర్చితే అవి సుమారు 74 ఘనపుటడుగులు, అంటే 2.1 ఘనపు మీటర్ల స్థలాన్ని ఆక్రమిస్తాయి. కట్టెల మధ్య ఖాళీలను మినహాయించాక, బాగా ఆరిన తుమ్మ వంటి గట్టి కలప ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలు, అప్పుడే కొట్టిన పచ్చి కలప సుమారు 700 కిలోలు తూగుతుంది. ఈ లెక్కన తొట్టిలోని ఎండు కట్టెల బరువు 1,050 కిలోలు. పరిమితికి లోపలే ఉన్నట్టు. అదే ఎత్తున పేర్చిన పచ్చి కట్టెల బరువు 1,470 కిలోలు. పక్క గోడ దాటకుండానే పరిమితి 200 కిలోలు దాటిపోయింది.

చాలా చోట్ల కనిపించే విధంగా కర్రలు నిలబెట్టి మూడు అడుగుల ఎత్తుకు పేర్చితే ఎండు కట్టెలే 2,100 కిలోలకు, పచ్చివి 2,940 కిలోలకు చేరతాయి. రెండవ సందర్భంలో బండి తన పరిమితికి రెట్టింపు కంటే ఎక్కువ మోస్తోంది. జాతిని బట్టి, ముక్కల పరిమాణాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. అందువల్ల మొదటి కొన్ని లోడ్లను ధర్మకాంటాపై తూకం వేయించి, ఏ రకం కట్టె ఏ ఎత్తుకు ఎంత తూగుతోందో గుర్తు పెట్టుకోవడం మేలు. తొట్టి లోపలి గోడకు రంగుతో ఒక గీత గీసుకున్నా చాలు.

నీటికి చెల్లించే ధర

పచ్చి తుమ్మ బరువులో దాదాపు 40 శాతం నీరే ఉండవచ్చు. బాగా ఆరిన కట్టెలో అది 15 నుంచి 20 శాతానికి తగ్గుతుంది. అంటే 1,270 కిలోల పచ్చి కట్టెలు తెచ్చిన బండి నిజానికి 500 కిలోలకు పైగా నీటిని మోసుకొచ్చింది. కట్టెలను కిలోల లెక్కన అమ్మే చోట కొనుగోలుదారు ఆ నీటికీ డబ్బు చెల్లిస్తాడు. రవాణాదారు ఆ నీటికీ డీజిల్ ఖర్చు చేస్తాడు.

నష్టం అక్కడితో ఆగదు. ఆరిన కట్టె కిలోకు సుమారు 15 మెగాజౌళ్ల వేడినిస్తుంది. 40 శాతం తేమ ఉన్నది పదింటికి మించదు. నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చవుతుంది. ఈ లెక్కన ఒక లోడు ఎండు కట్టెల వేడి 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్లు 29 ఇచ్చే వేడికి సమానం. అంతే బరువున్న పచ్చి కట్టెలది 19 సిలిండర్లకు సమానం. బహిరంగ పొయ్యిలో ఈ వేడిలో చాలా భాగం వృథా అవుతుంది కనుక వంటకు దక్కేది ఇంకా తక్కువ. మూడు ట్రిప్పుల పచ్చి కట్టెలు చేసే పనిని రెండు ట్రిప్పుల ఎండు కట్టెలు చేస్తాయన్నది ఈ లెక్క సారాంశం.

సూరత్‌లో ఏటి వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. అందువల్ల వేసవిలోనే మొద్దులను చీల్చి, నేలకు తగలకుండా దుంగలపై పేర్చి, గాలి ఆడేలా పైన మాత్రమే కప్పు వేయాలి. చీల్చిన ముక్క మొద్దుకంటే చాలా త్వరగా ఆరుతుంది. నలువైపులా టార్పాలిన్ బిగిస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది.

జరిమానాలు, పత్రాలు

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు రూ.20,000 జరిమానా విధించవచ్చు. దానిపై అదనంగా ఉన్న ప్రతి టన్నుకు రూ.2,000 చొప్పున కలుస్తుంది. అదనపు సరుకును దించే ఖర్చు కూడా బాధ్యుడిదే. దించేవరకు వాహనాన్ని కదలనివ్వరు. కట్టెలు తొట్టి పక్కలకు, ముందుకు, వెనక్కు లేదా అనుమతించిన ఎత్తుకు మించి పొడుచుకు వచ్చినా రూ.20,000 జరిమానా ఉంటుంది. తూకానికి ఆపడానికి నిరాకరిస్తే అది రూ.40,000. అక్కడికక్కడే వసూలు చేసే రాజీ రుసుమును రాష్ట్ర ప్రభుత్వాలు వేరుగా నిర్ణయించవచ్చు.

స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి 66వ సెక్షన్ కింద పర్మిట్ అవసరం లేదు. అంత మాత్రాన మిగతా పత్రాల నుంచి మినహాయింపు దొరకదు. కిరాయికి తిప్పే బండికి వాణిజ్య రిజిస్ట్రేషన్, పసుపు రంగు నంబరు పలక, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఉండాలి. తయారీదారు పూర్తిగా నిర్మించి అమ్మిన కొత్త వాహనానికి తొలి రెండేళ్లు ఫిట్‌నెస్ ఉన్నట్టే పరిగణిస్తారు. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా పరీక్ష చేయించాలి. లైసెన్సు విషయంలో ఉన్న సందిగ్ధతను సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తొలగించింది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని స్పష్టం చేసింది.

చెట్టు పేరు తెలియాలి

కట్టెలకు మరో చట్టం కూడా వర్తిస్తుంది. 1927 నాటి భారత అటవీ చట్టం 41వ సెక్షన్ కలప, ఇతర అటవీ ఉత్పత్తుల తరలింపుపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. చెట్టు సొంత పొలంలోదే అయినా దాని జాతిని బట్టి రవాణా అనుమతి అవసరం కావచ్చు. నేరం జరిగిందని భావిస్తే కలపతో పాటు దానిని మోసిన బండినీ స్వాధీనం చేసుకునే వీలుంది. వాయిదాలు ఇంకా తీరని కొత్త బండి అటవీ కార్యాలయ ఆవరణలో నిలిచిపోతే ఆ నష్టం ఏ జరిమానాతోనూ పోల్చలేనిది.

మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టు గుజరాతీలో 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ. ఎక్కడ పడితే అక్కడ మొలిచే దాని స్వభావాన్ని ఆ పేరే చెబుతుంది. ఇటువంటి కొన్ని జాతులకు అనేక రాష్ట్రాలు మినహాయింపులు ఇచ్చాయి. ఆ జాబితాలు మాత్రం అన్ని రాష్ట్రాల్లో ఒకటి కావు. ఈ తేడాల వల్ల రాష్ట్ర సరిహద్దుల్లో ఎదురయ్యే జాప్యాన్ని తగ్గించేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో జాతీయ రవాణా పాస్ వ్యవస్థను దేశవ్యాప్తంగా ప్రారంభించింది. నియంత్రణ ఉన్న జాతులకు ఇందులో ఆన్‌లైన్‌లో పాస్ తీసుకోవచ్చు. మినహాయింపు ఉన్న జాతులకు నిరభ్యంతర పత్రం పొందవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెట్టు నరికే ముందు 2002 నాటి వాల్టా చట్టం నిబంధనలను కూడా చూసుకోవాలి. లోడు ఎత్తేముందు చెట్టు పేరు, నరికిన స్థలం, యజమాని పత్రం అడిగి తీసుకోవడం రవాణాదారుకు రక్షణ.

కొత్త బండికి జాగ్రత్తలు

కొత్త ఇంజను, క్లచ్, బ్రేకులు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. తొలి సర్వీసు వరకు వేగం, లోడు ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన మేరకే నడుచుకోవాలి. లోడుతో వెళ్లేటప్పుడు వెనుక టైర్లలో ఎంత గాలి ఉండాలో కూడా అందులోనే ఉంటుంది.

బరువైన మొద్దులను అడుగున, వెనుక ఇరుసుకు కొద్దిగా ముందు ఉండేలా పేర్చాలి. బరువంతా తొట్టి చివర చేరితే ముందు చక్రాలపై ఒత్తిడి తగ్గి స్టీరింగు పట్టు సడలుతుంది. పరిమితి మించిన బండి బ్రేకు వేసినప్పుడు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. కమాను పట్టీలు కుంగుతాయి, టైర్లు వేడెక్కుతాయి. గుండ్రని దుంగలు దొర్లకుండా నిలువుగా, పొడవు వెంట పేర్చి, పైన వలగానీ బెల్టులుగానీ బిగించాలి. వెనుక తలుపు మూసి ఉండాలి. కొన్ని కిలోమీటర్లు నడిచాక కట్టెలు సర్దుకుని తాళ్లు వదులవుతాయి కనుక ఒకసారి ఆపి తిరిగి బిగించాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ హమాలీలను లోడుపై కూర్చోబెట్టరాదు. జారిన దుంగతో పాటు మనిషీ రోడ్డుపై పడతాడు.

తడి కట్టెలు, సముద్రపు గాలిలోని ఉప్పు కలిసి తొట్టి రేకును త్వరగా తుప్పు పట్టిస్తాయి. అడుగున పలకలుగానీ మందపాటి రబ్బరుగానీ పరచడం, దించిన తరువాత బెరడు, మట్టి ఊడ్చి కడగడం వల్ల బండి ఆయుష్షు పెరుగుతుంది.

పొగ లెక్క

తడి కట్టె సరిగా మండక పొగ, సూక్ష్మ ధూళి ఎక్కువగా వెలువరిస్తుంది. ఘన ఇంధనం కాల్చే పరిశ్రమల ధూళిని అదుపు చేసేందుకు గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్‌లోనే ఒక ఉద్గారాల విపణిని ప్రారంభించింది. సూక్ష్మ ధూళికి సంబంధించి ప్రపంచంలో ఇదే మొదటిది. సుమారు 300 కర్మాగారాలపై జరిపిన అధ్యయనంలో, ఈ విపణిలో చేరినవాటి ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. వీధి పొయ్యిలు, విందు వంటశాలలు మాత్రం అటువంటి కొలతల పరిధిలో లేవు. అక్కడ పొగను తగ్గించే సులువైన మార్గం ఎండిన కట్టె.

తూకం, తేమ లెక్కలు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుకు రావలసిన చోటు శ్మశానవాటిక. 2021 ఏప్రిల్‌లో కొవిడ్ రెండో దశ తీవ్రంగా ఉన్నప్పుడు సూరత్ శ్మశానవాటికల్లో గ్యాస్ కొలుములు విరామం లేకుండా పనిచేసి, వాటి లోహపు భాగాలు కరిగిపోయాయని వార్తలు వచ్చాయి. యంత్రం ఆగిన చోట మళ్లీ కట్టెలే దిక్కవుతాయి. సంప్రదాయ చితికి 400 నుంచి 500 కిలోల కట్టెలు కావాలని సాధారణంగా లెక్కిస్తారు. పరిమితికి లోబడిన ఒక పికప్ లోడు సుమారు మూడు చితులకు సరిపోతుంది, అది కూడా కట్టెలు ఎండినవైతేనే. తడి కట్టెలు అంటుకోక, చుట్టూ నిలబడినవారు పొగలో ఎదురుచూడవలసిన స్థితి ఏ కుటుంబానికీ రాకూడదు. అందుకు రవాణాదారు చేయగలిగింది చిన్న పనే. తొట్టిలోకి ఎక్కించే ముందు ఒక కట్టెను మరో కట్టెతో కొట్టి చూడాలి. ఖంగుమంటే ఎండినది, మందంగా మోగితే ఇంకా పచ్చిది.