పుంజు కన్ను మూసుకుపోయిందా.. చుక్కల మందు కంటే ముందు చేయాల్సిన పని ఇదీ!

నిన్నటి దాకా గోడెక్కి కూత పెట్టిన పుంజు.. ఈరోజు పొద్దున గంప ఎత్తినా కదలడం లేదు. ఒక కన్ను మూసేసుకుంది. రెప్పల మధ్య నురగ, కింద తడి. గింజలు చల్లితే రెండుసార్లు నేల మీద పొడిచి, గురి తప్పి, అలాగే నిలబడిపోయింది. ఇక ఇంట్లో హడావుడి మొదలు! ఒకరు ఉల్లిరసం అంటారు, ఇంకొకరు నందివర్ధనం పూలు అంటారు. ఆ మధ్య ఎవరికో కళ్లకలక వచ్చినప్పుడు మిగిలిపోయిన చుక్కల మందు సీసా ఫ్రిజ్‌లో నుంచి బయటికొస్తుంది.

సీసా మూత తీసే ముందు ఒక్క విషయం చూడాలి. పుంజు చివరిసారి ఎప్పుడు తింది? ఎప్పుడు నీళ్లు తాగింది?

కుక్కలా వాసన పట్టి కోడి తిండి వెతుక్కోదు. ప్రధానంగా చూపు మీదే ఆధారపడుతుంది. రెండు కళ్లూ అంటుకుపోతే గిన్నె పక్కనే ఉన్నా ఆకలితో, దాహంతో పడిపోతుంది. ఒక కన్ను పోయిన కోడి బతుకుతుంది. తిండి, నీళ్లు అందని కోడి బతకదు. అందుకే మొదటి వైద్యం కంటికి కాదు, కడుపుకి.

ముందు వేరు చేయండి.. తినిపించండి

కంటి జబ్బు ఉన్న పుంజును మిగతా కోళ్ల నుంచి వెంటనే వేరు చేయాలి. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, జబ్బు అంటుకునేదైతే అదే నీళ్ల గిన్నె ద్వారా మిగతా వాటికీ పాకుతుంది. రెండోది, నీరసించిన కోడిని మిగతావి ఊరుకోవు. కంటి దగ్గరే పొడుస్తాయి. గాలి ఆడే అట్టపెట్టె అయినా చాలు, ఎండ నేరుగా పడకుండా, దుమ్ము లేకుండా ఉండాలి.

గింజలు నేల మీద చల్లకుండా కాస్త లోతుగా ఉన్న గిన్నెలో పెట్టాలి. నానబెట్టిన నూకలు, మెత్తగా కలిపిన మేత ముద్ద అయితే గురి తప్పినా నోట్లోకి ఎంతో కొంత వెళ్తుంది. గిన్నె అంచు మీద వేలితో టకటకా కొడితే చాలా పుంజులు ఆ చప్పుడుకి తల వంచుతాయి. నీళ్లయితే ముక్కు కొన మాత్రమే తడిసేలా ముంచితే సరిపోతుంది. ముక్కు రంధ్రాలు మునగకూడదు. నోరు తెరిచి గ్లాసుతో పోయడం మాత్రం అస్సలు వద్దు. కోడికి గాలి గొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయంటే కంటి జబ్బు కాస్తా ప్రాణం మీదికి వస్తుంది.

ఒక కన్నా.. రెండు కళ్లా?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ సగం జబ్బు ఇక్కడే తేలిపోతుంది. ఒక్క కన్నే మూసుకుపోయి, మిగతా అంతా బాగుంటే.. అంటే తింటూ, కూస్తూ, మామూలుగా రెట్ట వేస్తూ ఉంటే.. సాధారణంగా అది దెబ్బో, దుమ్మో, వడ్ల పొట్టో, ఇంకో పుంజు పొడిచిన గాయమో అయి ఉంటుంది. ఇంట్లో జాగ్రత్తతో నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది వీటికే.

కంటితో పాటు ముక్కు కూడా కారుతుంటే లెక్క మారుతుంది. కంటి మూలలో సబ్బు నురగలాంటి బుడగలు, తుమ్ములు, రాత్రి పూట గురగుర చప్పుడు ఉంటే మైకోప్లాస్మా వల్ల వచ్చే సీఆర్‌డీని అనుమానించాలి. ముఖం ఒక పక్క బూరెలా వాచి, ముక్కు నుంచి దుర్వాసన వచ్చే చీమిడి కారుతుంటే కొరైజా కావచ్చు. ఈ రెండూ బ్యాక్టీరియా జబ్బులే. కంట్లో చుక్కలతో మాత్రమే తగ్గవు, లోపలికి మందు పడాలి. ఇంకో చిక్కు ఏంటంటే, తగ్గినట్టు కనిపించిన కోడి కూడా ఆ క్రిమిని మోస్తూ కొత్తగా తెచ్చిన కోళ్లకు అంటించగలదు. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాల పాటు విడిగా ఉంచమని చెప్పేది ఇందుకే.

రెప్పల మీద, తురాయి మీద, గడ్డం కింద వేలాడే ఎర్రతోలు మీద పొక్కులు వచ్చి నల్లగా పెచ్చు కడితే అది మశూచి. దోమలు మోసుకొస్తాయి. వైరస్ కాబట్టి దాన్ని చంపే మందు లేదు. పెచ్చులు ఎండి రాలడానికి కొన్ని వారాలు పడుతుంది. గిల్లి లాగితే రక్తం వస్తుంది, ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. ఆ రోజుల్లో పుంజుకు చూపు ఉండదు కాబట్టి చేత్తో తినిపించడమే అసలు వైద్యం.

ఇక నూకలు, అన్నం తప్ప ఇంకేమీ పెట్టని ఇళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది విటమిన్ ఏ లోపం. బియ్యంలో విటమిన్ ఏ ఉండదు. నెలల తరబడి అదే తింటే రెప్పల కింద తెల్లగా, జున్నులాంటి పదార్థం పేరుకుంటుంది. చీము అనుకుని ఎన్ని యాంటీబయాటిక్ చుక్కలు వేసినా అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము, పచ్చ మొక్కజొన్న మేతలో చేర్చాలి. లోపం ముదిరితే ఆకుకూరలతో సరిపోదు, విటమిన్ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

కడగడం ఎలా?

మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ సీసా ఉంటే అదే మేలు. లేదంటే అర లీటరు నీళ్లు బాగా మరిగించి, ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చాలి. ఉప్పు ఇంకాస్త వేస్తే ఇంకా బాగా పనిచేస్తుందన్న ఆలోచన వద్దు, కన్ను మండిపోతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి.

పుంజును పాత తువ్వాలులో రెక్కలు కదలకుండా చుట్టాలి. కాళ్ల వెనక ముల్లు ఉన్న పుంజైతే కాళ్లూ తువ్వాలు లోపలే ఉండాలి, లేకపోతే వైద్యం పట్టుకున్న వాళ్లకి చేయించాల్సి వస్తుంది! అయితే గట్టిగా బిగించొద్దు. కోడికి మనలా ఛాతీ కింద డయాఫ్రమ్ ఉండదు. రొమ్ము ఎముక ముందుకు వెనక్కు కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంటే నిమిషాల్లోనే ఊపిరాడక చనిపోవచ్చు.

జబ్బు కన్ను కింది వైపు ఉండేలా తల కాస్త వంచితే, కడిగిన నీళ్లు రెండో కంట్లోకి పోవు. సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డను మూసుకుపోయిన రెప్ప మీద నాలుగైదు నిమిషాలు ఉంచాలి. దూది పోగులు లోపల చిక్కుకుంటాయి కాబట్టి దూది కన్నా గుడ్డే నయం. గట్టిపడిన పుసి నానాక మెల్లగా తుడిచి, సూది తీసేసిన సిరంజితో కొద్దికొద్దిగా సెలైన్ వదలాలి. రోజుకు రెండు మూడు సార్లు ఇలా చేయొచ్చు. ప్రతిసారీ కొత్త గుడ్డ, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

ఇక్కడ తెలియక జరిగే పొరపాట్లు రెండున్నాయి. కోడికి పైరెప్ప, కిందిరెప్పతో పాటు లోపల మూడో రెప్ప కూడా ఉంటుంది. ముక్కు వైపు మూల నుంచి పల్చటి పొరలా అడ్డంగా జరుగుతుంది. దాన్ని పుండు మీద పొర అనుకుని లాగితే అంతే సంగతులు. ఇక రెండోది చీము. మన చీములా కోడి చీము కారదు. గట్టిపడి, జున్ను ముక్కలా రెప్ప కింద కూర్చుంటుంది. నానితే కొన్నిసార్లు అదే జారి బయటికి వస్తుంది. రాకపోతే పిన్నీసుతోనో గోటితోనో తీయబోవద్దు. వెనకున్న కంటిపాప చిరిగితే తిరిగి రాదు. అది డాక్టర్ చేతి పని.

ఆ చుక్కల మందు సంగతేంటి?

మనుషుల కంటి చుక్కల్లో కొన్నింట్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అని ఉంటే అదే. ఎరుపు, వాపు ఒక్కరోజులో తగ్గినట్టు కనిపిస్తుంది కూడా. కానీ నల్లగుడ్డు మీద చిన్న పుండు ఉంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. పుండు ఉందో లేదో మామూలు చూపుకి తెలియదు. డాక్టర్లు ఒక రంగు చుక్క వేసి పరీక్షిస్తారు.

క్లోరాంఫెనికాల్ సంగతి ఇంకొకటి. ఆహారం కోసం పెంచే జంతువులు, పక్షుల్లో దాని వాడకంపై మన దేశంలో నిషేధం ఉంది. 'మాది పెంపుడు పుంజు, కోసుకునేది కాదు' అని ఎంత చెప్పినా, ఇచ్చేసిన పుంజు రేపు ఎవరి ఇంట్లో కూరవుతుందో చెప్పలేం కదా. ఏ యాంటీబయాటిక్ ఇచ్చినా మాంసం, గుడ్లు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టర్‌ని అడగాలి.

ఉల్లిరసం, సున్నం తేట, పసుపు నీళ్లు, చనుబాలు, పూల రసాలు.. ఏవీ శుభ్రమైన ఉప్పునీళ్ల కన్నా మేలు చేయవు. ఉల్లి, సున్నం అయితే పుండున్న కంటికి నేరుగా హాని చేస్తాయి.

మళ్లీ మళ్లీ వస్తుంటే గూడు చూడాలి

తెల్లవారుజామున గూడు తలుపు తెరవగానే పుంజు ఎత్తుకి వంగి ఒక్కసారి గాలి పీలిస్తే విషయం తెలిసిపోతుంది. ముక్కు ఘాటెక్కి, కళ్లు మండితే అది రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా. రాత్రంతా ఆ గాలిలో ఉన్న పుంజు కళ్లు ఎర్రబడక ఏమవుతాయి? తడిసిన ఊకను తీసేసి పొడి ఊక వేయాలి, గాలి తిరిగేలా చూడాలి. కొంతమంది వాసన పోవాలని కోళ్లు లోపల ఉండగానే సున్నం పొడి చల్లేస్తారు. ఆ పొడి కూడా కంట్లోకే పోతుంది.

ఎప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికి?

కడగడం మొదలుపెట్టాక రెండు రోజుల్లో తేడా కనిపించకపోతే ఇంటి వైద్యం ఆపేయాలి. నల్లగుడ్డు తెల్లగా మబ్బు పట్టినా, రెండు కళ్లూ మూసుకుపోయినా, ముఖం వాచినా ఆ రెండు రోజులు కూడా చూడకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పశువుల సంచార వైద్యం కోసం 1962 నంబర్‌కి ఫోన్ చేయొచ్చు.

కళ్ల వాపుతో పాటు ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర తిరగడం, తురాయి నీలంగా మారడం, ఒకదాని వెంట ఒకటి కోళ్లు చనిపోవడం ఉంటే అది కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. ఏది ఏదో ఇంట్లో చూసి చెప్పడం కుదరదు. 2025 ఫిబ్రవరిలో తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చనిపోయినప్పుడు కూడా భోపాల్‌లోని ల్యాబ్ పరీక్షల తర్వాతే హెచ్‌5ఎన్‌1 అని తేలింది. అలాంటి కోడి కన్ను కడిగే ప్రయత్నం చేయకుండా, పిల్లల్ని దూరంగా ఉంచి, వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. జబ్బు కోడిని అమ్మడం, కోసుకోవడం, చచ్చినదాన్ని కాలువలో పారేయడం.. ఈ మూడూ ఊరంతటికీ చేటు. కొక్కెర తెగులు వైరస్ మనిషి కంట్లో పడితే కళ్లకలక వచ్చే అవకాశం ఉంది కాబట్టి మామూలు వైద్యానికైనా కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది.

ఒకవేళ అన్నీ చేసినా ఒక కన్ను పోతే? కోడి కళ్లు తలకి చెరో పక్క ఉంటాయి, దేని చూపు దానిదే. కాబట్టి ఒంటికన్ను పుంజు కొన్ని రోజుల్లో అలవాటు పడి మామూలుగానే తిరుగుతుంది. గిన్నె ఎప్పుడూ ఒకేచోట, కన్ను ఉన్న వైపు పెట్టాలి. దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ వైపు నుంచే పిలుస్తూ వెళ్లాలి. చూపు లేని వైపు నుంచి చడీచప్పుడు లేకుండా చెయ్యి వేస్తే, పెంచిన వాళ్లనైనా సరే, బెదిరి తన్నేస్తుంది.