పీప్లీలో నవ్వు, ఆర్మూరులో పసుపు

మాఘ ఫాల్గుణ మాసములలో నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతమునకు వెళ్లినవారికి ఊరు కంటబడుటకు ముందే ఉడికిన పసుపు వాసన తగులును. కళ్లములలో పరచిన కొమ్ములు ఎండకు మెరయుచుండును. ప్రక్కన నిలిచిన రైతును "ఈసారి పంట ఎట్లున్నది?" అని అడిగి చూడుడు. "ధర తెలిసినంక చెప్త సార్" అని నవ్వును. తొమ్మిది నెలలు పెంచిన పంట మంచిదో చెడ్డదో పండించినవాడు చెప్పలేడు, కొనువాడు చెప్పవలెను. ఆ నవ్వులోని చేదు తెలియవలెనన్నచో ఒక హిందీ హాస్యచిత్రమును జ్ఞాపకము చేసికొనుట మంచిది.

దాని పేరు "పీప్లీ లైవ్". 2010 ఆగస్టులో విడుదలయినది. రచన, దర్శకత్వము అనూషా రిజ్వీ. సహదర్శకుడు మహమూద్ ఫారూఖీ. నిర్మాతలలో ఒకరు ఆమిర్ ఖాన్. నత్థా పాత్ర ధరించిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి ఛత్తీస్‌గఢ్ నటుడు. హబీబ్ తన్వీర్ స్థాపించిన నయా థియేటర్ సమాజమున పనిచేసినవాడు. అందుచేత కాబోలు, తెరమీద అతడు రైతు వేషము వేసినట్లు కాక, రైతే వచ్చి నిలిచినట్లుండును.

కథ చిన్నది. పీప్లీ ఒక కల్పిత గ్రామము. బుధియా, నత్థా అన్నదమ్ములు. బ్యాంకు అప్పు తీరలేదు. పొలము వేలమునకు వచ్చినది. సాయము కోరి ఊరి నాయకుని గడప త్రొక్కగా, ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు సర్కారు లక్ష రూపాయలిచ్చునని అక్కడివారు ఎగతాళి చేయుదురు. ఆ ఎగతాళినే అన్నదమ్ములు దారిగా పట్టుకొందురు. ఎవరు చావవలెనను చర్చ వచ్చినప్పుడు అన్న మాటకారి, తమ్ముడు మెత్తనివాడు. తమ్ముని పేరు ఖాయమగును.

ఈ మాట ఒక పత్రికా విలేకరి చెవిని బడును. మరునాటికి టెలివిజను బండ్లు ఊరిని ముట్టడించును. ఎన్నికల కాలము కావున పార్టీలు దిగును, అధికారులు దిగుదురు. ఒకరు "లాల్ బహదూర్" అని పేరుగల చేతిపంపును తెచ్చి నత్థా ఇంట పడవేసి పోవుదురు. పంపు వచ్చినది గాని నీరు రాలేదు. అందరూ అడుగు ప్రశ్న ఒక్కటే: "నత్థా చచ్చునా, చావడా?" బ్రతుకుటకు అతనికేమి కావలెనని అడిగినవారు లేరు.

ఇంత సందడిలో ఊరి చివర ఒక బక్కచిక్కిన మనిషి నేల త్రవ్వి మట్టి అమ్ముకొనుచుండును. అతని పేరు హోరీ మహతో. పొలము పోయినవాడు. ఒకనాడు తాను త్రవ్విన గోతిలోనే ప్రాణము విడుచును. ఏ కెమేరా అటు తిరుగదు. ప్రేమ్‌చంద్ 1936లో ప్రకటించిన "గోదాన్" నవలలో అప్పులలో నలిగిన రైతు పేరును హోరీయే. పేరు ఊరకే పెట్టినది కాదు. డెబ్బది ఏండ్లు గడచినను హోరీ ఇంకను అక్కడనే ఉన్నాడని చిత్రకారుల భావము.

రైతు కథలు మనకు క్రొత్త కావు. తెలుగున 1939లో గూడవల్లి రామబ్రహ్మము "రైతుబిడ్డ" తీసినారు. 1955లో తాపీ చాణక్య "రోజులు మారాయి" తీసినారు. 1979లో గౌతమ్ ఘోష్ "మా భూమి" తీసినారు. హిందీలో 1953 నాటి బిమల్ రాయ్ చిత్రము "దో బీఘా జమీన్" ఉండనే ఉన్నది. వానిలో రైతు నేలను కాజేయువానికొక ముఖమున్నది: జమీందారు, దొర, షావుకారు. ప్రేక్షకుడు వానిని ద్వేషింపగలడు. "పీప్లీ లైవ్"లో అట్టి ముఖము లేదు. బ్యాంకు గుమాస్తా నిబంధన ప్రకారము నోటీసు పంపును. కలెక్టరు రాజధానిని అడుగును. రాజధాని న్యాయస్థానము వైపు చూచును. ఎవరి పని వారు చేసినారు, నేల పోయినది. దుష్టుడు లేని చోట రౌద్రము పనికిరాదు. అందుకే ఈ కథకు హాస్యమే తగిన రసమైనది.

ఇప్పుడు ఆర్మూరునకు వత్తము. ఇచ్చటను నేలకు గండము తెచ్చునది ఒక మనిషి కాదు, ఒక లెక్క. పసుపు తొలకరిలో నాటిన పంట. చేతికి వచ్చుసరికి సంక్రాంతి దాటును. విత్తనపు కొమ్ముకే పెద్ద మొత్తము పోయును. ఎరువు, కలుపు, బోరు, త్రవ్వకపు కూలి సరేసరి. త్రవ్విన తరువాత ఉడుకబెట్టవలె, ఆరబెట్టవలె, మెరుగు పట్టవలె, కొమ్మును మండను వేరు చేయవలె. ఇంత ఖర్చునకు అప్పు పుట్టించునది పొలము కాగితము. అమ్ముకొనునాడు ధర ఖర్చునకు దిగువనున్నచో ఆ అప్పు మరుసటి యేటికి ప్రాకును. రెండుమూడేండ్లు అట్లు ప్రాకినచో పొలము పేరునకు మాత్రమే తనది. అప్పుడు చాలమంది గల్ఫు దారి పట్టుదురు. చిత్రము చివర నత్థా చావక ఊరు విడిచి, గుర్‌గావ్‌లో మేడలు కట్టుచోట దుమ్ములో కూర్చున్న కూలీగా కనిపించును. ఆర్మూరు పరిసర గ్రామములలో ఆ దృశ్యమును చూచినవారికి దుబాయి పోయిన తమవాడెవడో తలపునకు రాక మానడు.

చిత్రములోని ఆ లక్ష రూపాయలు కూడ ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004 జూన్‌లో 421వ నంబరు ఉత్తరువు వెలువరించి, ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు 1 లక్ష రూపాయల సాయమును, అప్పుల పరిష్కారమునకు మరి 50 వేలను నిర్ణయించినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఈ మొత్తమును 6 లక్షలకు పెంచినది. ఆ కుటుంబములకు అది అవసరమైన సాయమే, కాదనరాదు. కాని దానికి విచారణ కలదు: పట్టా ఎవరిది, అప్పు పత్రము ఏది, మరణమునకు కారణము సాగేనా? కౌలునకు దున్నినవానికి పట్టా లేదు. చేబదులునకు పత్రము లేదు. 2018 ఆగస్టు 15న మొదలయిన రైతు బీమా ఒక మేలు చేసినది. 18 నుండి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణమున మరణించినను 5 లక్షలు వచ్చును. కారణము నిరూపింప పనిలేదు. అయినను కౌలు రైతు దాని వెలుపలనే మిగిలినాడు. ఇంతకు ఒక సంగతి స్పష్టము: చనిపోయిన రైతునకు ప్రభుత్వము ఒక అంకె నిర్ణయింపగలిగినది, బ్రతికి యున్న రైతు పసుపునకు ఏ అంకెయు నిర్ణయింపలేదు. కేంద్రము మద్దతు ధర ప్రకటించు 22 పంటలలో పసుపు లేదు.

ఈ విపరీతమునకు ఇక్కడి రైతులు చెప్పిన జవాబు చిత్రమునకు తీసిపోని వ్యంగ్యము. 2019 ఆరంభమున పసుపు క్వింటాలు 5, 6 వేల రూపాయల ప్రాంతమున పలుకుచున్నది. పసుపునకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కావలెనని, పసుపు బోర్డు కావలెనని ఆర్మూరులో రహదారిపై కూర్చుండిరి. ఎవరును వినకపోగా నిజామాబాదు లోకసభ స్థానమునకు 178 మంది రైతులు అభ్యర్థులుగా నిలిచినారు. మొత్తము 185 మంది. ఓటు యంత్రపు పలక ఒక్కదానిపై 16 మీటలే ఉండును. కావున ఏప్రిల్ 11న ప్రతి పోలింగు కేంద్రములోను పండ్రెండేసి పలకలు వరుసగా పేర్చవలసి వచ్చినది. ఇంతకు ముందు 1996లో నల్లగొండ ప్రజలు ఫ్లోరైడు నీటి బాధను చాటుటకు ఇదే ఉపాయము పన్నినారు. అప్పుడు 480 మంది అభ్యర్థులు, బ్యాలటు ఒక పుస్తకమైనది. పీప్లీలో యంత్రాంగము ఒక రైతు చావును చూచుటకు వచ్చినది. నిజామాబాదులో రైతులే తమ బ్రతుకు చూడుమని యంత్రాంగమును రప్పించినారు. గోతిలోని హోరీకి, ఈ 178 మందికి గల భేదమిదియే.

ఫలితమేమి? ఆనాటి సభ్యురాలు ఓడినారు. బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసి యిచ్చిన అభ్యర్థి గెలిచినారు. 2023 అక్టోబరులో ప్రధానమంత్రి మహబూబ్‌నగర్ సభలో బోర్డును ప్రకటించినారు. 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. 2022-23లో మన దేశము 11.61 లక్షల టన్నుల పసుపు పండించినది. అది ప్రపంచపు పంటలో నూటికి 70 పాళ్లకు మించినది. కావున బోర్డు తగిన చోటికే వచ్చినది. పరిశోధన, నాణ్యత, ఎగుమతి దాని పనులు. మద్దతు ధర నిర్ణయించుట దాని పని కాదు. 2024లో మేలురకము 15 వేలు దాటినమాట నిజము. కాని ఆ ధర మార్కెట్టు దయ, రైతు హక్కు కాదు. పంపు వచ్చినది, నీరు పూర్తిగ రావలసియున్నది.

తుదకొక మాట. ఆ చిత్రము మావంటి ప్రసారకులనే ఎక్కువగా వెక్కిరించినది. చూచి నేను నవ్వితిని, పిమ్మట సిగ్గుపడితిని. రైతు చచ్చినప్పుడు వార్త చదువుదుము. పసుపు ధర పడినప్పుడు అంకె చదువుదుము. ఆ రెంటికి నడుమ నున్న తొమ్మిది నెలలను చదువుట తక్కువ. శ్రోతలు ఇకమీదట రేడియోలో "పసుపు, క్వింటాలు" అను మాట విన్నప్పుడు, ఆ అంకెతోపాటు ఒక పొలము కాగితము కూడ తూకమునకు వచ్చినదని తలచుకొందురు గాక.