ఈత కొలనులో కాల్షియం: కలపడం తేలిక, తొలగించడం కష్టం

దిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ అద్దె గదుల్లో ఉంటూ సివిల్స్‌కు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకు కఠిన జలం గురించి వేరే చెప్పనక్కరలేదు. బోరు నీళ్లు వచ్చే చోట బకెట్ అంచున తెల్లని పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. ఆ పొరకు ప్రధాన కారణమైన కాల్షియమే ఈత కొలనుల నిర్వాహకులకూ చిక్కు తెస్తుంది. 2010 కామన్వెల్త్ క్రీడల ఈత పోటీలు జరిగిన తాల్కటోరా సముదాయం వంటి పెద్ద కొలనుకైనా, అపార్ట్‌మెంటులోని చిన్న కొలనుకైనా లెక్క ఒక్కటే.

సిమెంటు పూత ఉన్న కొలనులో కాల్షియం కఠినత 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉండాలని సాధారణంగా సూచిస్తారు. అంతకన్నా బాగా తగ్గితే నీరు తనకు కావలసిన కాల్షియాన్ని గోడల పూత నుంచి, పలకల సందుల్లోని సిమెంటు నుంచి లాక్కుంటుంది. మితిమీరితే గోడలపైనా, వడపోత యంత్రంలోనూ గార కడుతుంది. అయితే గార కట్టడానికి కాల్షియం ఒక్కటే కారణం కాదు. పీహెచ్, క్షారత, ఉష్ణోగ్రత కూడా తోడవుతాయి. వీటన్నిటినీ కలిపి నీటి స్వభావాన్ని అంచనా వేసే సూచికను అమెరికా శాస్త్రవేత్త లాంగెలియర్ 1936లో ప్రతిపాదించారు.

పరీక్ష కష్టమేమీ కాదు. కొలిచి తీసుకున్న నీటిలో మొదట క్షారద్రావణం కలిపి పీహెచ్‌ను 12 దాటిస్తారు. దాంతో మెగ్నీషియం విడిపోయి కాల్షియం ఒక్కటే లెక్కకు వస్తుంది. సూచిక రసాయనం వేస్తే నీరు ఎర్రబడుతుంది. తర్వాత ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తూ, రంగు పూర్తిగా నీలంగా మారేదాకా లెక్కపెట్టాలి. 25 మిల్లీలీటర్ల నమూనా తీసుకునే కొన్ని కిట్లలో ఒక్కో చుక్క 10 పీపీఎంతో సమానం. 30 చుక్కలు పడితే 300. చౌకగా దొరికే కాగితపు పట్టీలు చాలావరకు మెగ్నీషియాన్నీ కలిపి చూపుతాయి కనుక వాటిని నమ్మి మందు కలపడం తగదు.

కఠినత తక్కువైతే కాల్షియం క్లోరైడ్ చాలు. లక్ష లీటర్లలో 10 పీపీఎం పెంచడానికి డైహైడ్రేట్ రకం సుమారు కిలోన్నర పడుతుంది. కలిపేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి బకెట్ నీళ్లలోకే రసాయనాన్ని కొద్దికొద్దిగా వేయాలి.

ఎక్కువైతేనే అసలు సమస్య. ఎండకు నీరు ఆవిరైనా కాల్షియం అక్కడే మిగులుతుంది; తగ్గిన మట్టాన్ని నింపే బోరు నీరు మరికొంత తెస్తుంది. కాల్షియం హైపోక్లోరైట్‌తో ఒక పీపీఎం క్లోరిన్ అందిస్తే కఠినత దాదాపు 0.7 పీపీఎం పెరుగుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలకు 42. దీన్ని తగ్గించడానికి తేలికైన రసాయనం లేదు. పాత నీటిని తీసి కొత్త నీరు నింపాలి. 600 ఉన్న కొలనును 400కు దించాలంటే, నింపే నీటి కఠినత 200 అయితే సగం నీరు మార్చాలి. 300 అయితే మూడింట రెండు వంతులు. 400 అయితే మొత్తం.

అన్ని నీళ్లు దిల్లీ వేసవిలో ఎక్కడివి? 2024 మే నెలాఖరున కొరత ముదిరినప్పుడు నీటిని వృథా చేసేవారికి రూ.2,000 జరిమానా విధించాలని నాటి దిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. అందువల్ల కొలనును నింపకముందే బోరు, ట్యాంకర్ నీళ్లను పరీక్షించడం, కఠినత హెచ్చుగా ఉన్నచోట ద్రవ క్లోరిన్‌కు మారడం, పీహెచ్‌ను 7.2–7.6 మధ్య నిలపడం మేలు. కాల్షియం కొంత ఎక్కువగా ఉన్నా పీహెచ్ అదుపులో ఉంటే గార అంత త్వరగా కట్టదు.